కార్గిల్ రోడ్డులో ఏడో బండి

నేను మొదటిసారి కార్గిల్ చేరింది పంతొమ్మిది వందల అరవై జూన్‌లో, మధ్యాహ్నం మూడున్నరకి. ఆఖరి తొమ్మిది మైళ్లు నడిచాం. లారీ రోడ్డు అప్పటికి అక్కడిదాకా పడలేదు. సామాను కంచరగాడిదల మీద, వీపున మూట, భుజాన రైఫిలు. ఎండ మాడుతోంది. నీడలోకి అడుగు పెడితే వణుకు. ఊపిరి సగమే అందుతోంది. ఒక మలుపు తిరిగాం. కింద నది. గట్ల మీద సన్నగా నిటారుగా పెరిగిన చెట్లు, మట్టి ఇళ్లు, ఆ ఇళ్ల మధ్య ఆకుపచ్చ చేలు. మిగతా లోకమంతా రాయి. రాయి మధ్య అరచేతంత పచ్చదనం. నేను అక్కడే నిలబడిపోయాను. వెనకున్నవాడు కదలమని వీపు మీద చరిచాడు.

నేను నెల్లూరు దగ్గర విడవలూరులో పుట్టినవాణ్ణి. మాది వరి సేద్యం. అటు చేలు, ఇటు సముద్రం, అంతా చదును. కొండ అంటే నరసింహకొండే అనుకునేవాణ్ణి. మా ఊళ్లో ఇప్పటికీ అడుగుతుంటారు, అంత దూరంలో, అంత చలిలో నీకేం నచ్చింది అని. నచ్చింది. ఎందుకో చెప్పలేను. పద్నాలుగు నెలలు ఉన్నాను. ఆ పద్నాలుగు నెలల్లో ఎవరూ నన్ను కాల్చలేదు. నేనూ ఎవర్నీ కాల్చలేదు.

నేను సైన్యంలో డ్రైవర్ని. రోడ్డు లేని చోట డ్రైవరుకేం పని అనుకుంటారేమో. రోడ్డు వేయడమే పని. కొండ పేల్చే మందు, గునపాలు, సిమెంటు, రోడ్డు ఆగిన చోటి వరకు జీపులో తెచ్చేవాణ్ణి. అక్కణ్ణుంచి గాడిదలు. రోజుకి నాలుగు ట్రిప్పులు. సాయంత్రం బజారుకి వెళ్లేవాణ్ణి. పదిహేను కొట్లు, ఒకటే వీధి. చివర ఒక పెద్దామె రొట్టెలు కాల్చేది. భర్త లేడు, ఒక్కడే కొడుకు. ఆమె పేరు నా నోటికి తిరిగేది కాదు. రొట్టెలమ్మ అనేవాణ్ణి. ఆ మాటకి అర్థమేమిటని అడిగి, చెప్పించుకుని, నవ్వింది.

ఆ నవంబరులో నాకు ఊపిరితిత్తులకి జ్వరం వచ్చింది. మంచు పడి శ్రీనగర్ వైపు కనుమ మూసేశారు. ఆసుపత్రికి పంపే దారి లేదు. మూడో రోజు నాకు తెలివి లేదు. నన్ను రొట్టెలమ్మ ఇంటికి మోయించారట, అక్కడ పొయ్యి వేడి ఉంటుందని. తెలివి వచ్చేసరికి పాదాల దగ్గర గుడ్డలో చుట్టిన వేడి రాళ్లున్నాయి. ఛాతీ మీద ఖుబానీ పిక్కల నూనె. ఖుబానీ అంటే అక్కడి పండు. ఆగస్టులో పండుతుంది. ఇళ్ల కప్పులన్నీ ఆ పళ్లు ఎండబోసి పసుపు రంగులో ఉంటాయి. పదకొండు రోజులు ఆమె నాకు గంజి తాగించింది. అరవై ఒకటి ఆగస్టులో బదిలీ వచ్చినప్పుడు, "రోడ్డు పూర్తయ్యాక లారీలో వస్తావా?" అని అడిగింది. వస్తానన్నాను.

నాలుగేళ్లకి వెళ్లాను. ఇక్కణ్ణుంచి చెప్పడం కష్టం. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

అరవై అయిదు ఆగస్టు. మా కంపెనీ శ్రీనగర్‌లో ఉంది. కార్గిల్ పైనున్న శిఖరాల మీద శత్రువు పోస్టులున్నాయి. అక్కణ్ణుంచి రోడ్డు అరచేతిలో గీతలా కనిపిస్తుంది. వచ్చే ప్రతి కాన్వాయ్‌నీ కొడుతున్నాడు. కార్గిల్‌లో మన ఫిరంగులకి గుండ్లు అయిపోవస్తున్నాయి. పద్దెనిమిది లారీలు వెళ్లాలి. రోడ్డు తెలిసిన డ్రైవర్లు ఎవరని సుబేదారు అడిగాడు. నేను చెయ్యెత్తాను. భయం లేక కాదు. మళ్లీ ఆ ఊరు చూడొచ్చని.

పోలయ్య గురించి చెప్పాలి. వాకాడు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె వాడిది. వల లాగిన చేతులు. పద్దెనిమిదేళ్లకి సైన్యంలో చేరాడు. మా కంపెనీలో నెల్లూరు జిల్లా వాళ్లం ఇద్దరమే. సుబేదారుకి మేం బడా మద్రాసీ, ఛోటా మద్రాసీ. పోలయ్య కిట్టులో ఎప్పుడూ ఒక నెత్తళ్ల పొట్లం ఉండేది, ఇంటి నుంచి వచ్చిన ఎండుచేపలు. బ్యారక్‌లో వాసన పట్టుకుని సుబేదారు అరిచేవాడు. పోలయ్య అటెన్షన్‌లో నిలబడి, "సాబ్, ఇది మా ఊరి అత్తరు" అనేవాడు. పెళ్లయి రెండేళ్లు. భార్య మస్తానమ్మ. వాడికి సెలవు మంజూరైంది. వారం రోజుల్లో బండెక్కాలి.

వాడి పేరు ఆ కాన్వాయ్ జాబితాలో లేదు. నేనే చేర్పించాను.

"ఒక్క ట్రిప్పు రారా. పోను మూడు రోజులు, రాను మూడు రోజులు. నీ సెలవుకి అడ్డం రాదు. ఆ ఊరు చూడకుండా పోతే ఇంత పైకొచ్చి ఏం లాభం?" అన్నాను.

"ఏముంది అన్నా ఆడ? రాళ్లే గదా?"

"ఇప్పుడు ఖుబానీలు పండుంటాయి. మీ ఆడమనిషికి ఒక సంచి తీసుకుపో. నెల్లూరులో ఎవురూ చూసుండరు."

"సరే, చూద్దాం పద. నువ్వు అంతగా చెప్తుండావు. రొట్టెలమ్మని కూడా చూసొస్తా" అన్నాడు.

సుబేదారుకి నేనే వెళ్లి చెప్పాను, ఛోటా మద్రాసీ మంచి డ్రైవరని. నిజంగానే మంచి డ్రైవరు.

తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాం. మొదటి రోజు సోనామర్గ్. రెండో రోజు కనుమ దాటాం. పదకొండు వేల అడుగుల పైన. మొదటి గేరు, ఒక పక్క కొండ గోడ, ఇంకో పక్క ఏమీ లేదు. పోలయ్యది ఏడో బండి, నాది ఎనిమిది. వాడి బండిలో ఫిరంగి గుండ్ల పెట్టెలు కింద వేసి, పైన కిరోసిన్ పీపాలు కట్టారు. అలా కలిపి వేయకూడదు. లారీలు చాలక వేశారు. నా బండిలో గుండ్లు మాత్రమే. నా వెనక సుబేదారు జీపు, అందులో రేడియో. దాని వెనక పది బండ్లు. చివరి మూడింటిలో పదాతి దళం వాళ్లు, ఒక్కో లారీలో ఇరవైమందికి పైగా.

ద్రాస్‌లో ఆగాం. చలి కోస్తోంది. పోలయ్య వంటపొయ్యి దగ్గర నెత్తళ్లు కాల్చాడు. నా కో-డ్రైవరు పంజాబీ కుర్రాడు, మాంసం కూడా ముట్టనివాడు, ముక్కు మూసుకుని పారిపోయాడు. పోలయ్య కొండల వైపు చూసి, "అన్నా, ఇంత పైకొచ్చినా గాలి హోరు మాత్రం మన సముద్రం మాదిరే ఉండాది" అన్నాడు.

మూడో రోజు పొద్దున అయిదు పదికి ద్రాస్ వదిలాం. కెప్టెన్ ముందు జీపులో. ఆర్డరు ఇది: బండికీ బండికీ నూరు గజాలు. కాల్పులు మొదలైతే ఆగకూడదు. ఏ కారణానికీ ఆగకూడదు. చెడిపోయిన బండిని వెనక బండి నెట్టేయాలి. ఆ మాట నాలుగుసార్లు చెప్పి, మా చేత తిరిగి చెప్పించాడు. మేమంతా చెప్పాం. నేనూ చెప్పాను. పోలయ్యా చెప్పాడు.

ఎనిమిది నలభైకి కార్గిల్ ఇంకా ఆరు మైళ్లుంది. ఎడమ పక్క నది, మూడు వందల అడుగుల కింద. కుడి పక్క నిలువు కొండ. రోడ్డు ఒక లారీకే సరిపోతుంది. ఎదురుగా, మలుపు పైన, శిఖరం. మొదటి ఆరు బండ్లు మలుపు తిరిగి వెళ్లిపోయాయి. శత్రువు వాళ్లని ఎందుకు వదిలాడో తెలియదు. ఏడో బండి మలుపులోకి వచ్చింది.

మొదటి మోర్టారు గుండు నదిలో పడింది. రెండోది కొండకి తగిలి రాళ్లు రాలాయి. మూడోది పోలయ్య బండి ముందు పడింది. బండి ముక్కు పైకి లేచి కిందపడింది. రోడ్డుకి అడ్డంగా, ముందు భాగం నది వైపు తిరిగి ఆగిపోయింది. వాడి కో-డ్రైవరు ఎడమ తలుపులోంచి ఎగిరి రోడ్డు మీద పడ్డాడు. లేవలేదు. తల సగం లేదు. పైన కట్టిన పీపాల్లో రెండు పగిలాయి. కిరోసిన్ టార్పాలిన్ మీదుగా కారి అంటుకుంది. ముందు పసుపు మంట, తర్వాత నల్లటి పొగ.

నేను బ్రేకు వేశాను. మా మధ్య ముప్ఫై గజాలు.

పోలయ్య కనిపిస్తున్నాడు. బండి అడ్డం తిరగడం వల్ల తెరుచుకున్న ఎడమ తలుపు నాకు ఎదురుగా ఉంది. తల స్టీరింగు మీద ఆనించి ఉన్నాడు. కదలడం లేదు. టోపీ లేదు. మెడ మీద రక్తం.

"పోలయ్యా!" అని అరిచాను. "ఒరేయ్ పోలయ్యా! దిగరా! దూకెయ్!"

కదల్లేదు.

అప్పుడు మెషిన్‌గన్ మొదలైంది. ఎదురుగా శిఖరం మీంచి రోడ్డు పొడవునా. నా కో-డ్రైవరు, "నేను తీసుకొస్తా ఉస్తాద్" అన్నాడు. నేను వద్దనేలోపే తలుపు తీసి దిగాడు. రెండడుగులు వేశాడు. గొంతులో తగిలింది. చేతులతో గొంతు పట్టుకుని, తిరిగి నా వైపు చూసి, బండి బంపరు మీద కూర్చుండిపోయాడు. తప్పు చేసినవాడిలా చూశాడు. రక్తం వేళ్ల సందుల్లోంచి చిమ్మింది. పక్కకి ఒరిగి అంచు మీంచి జారిపోయాడు. వాడికి ఇరవై ఏళ్లు.

నేను కుడి తలుపు తీశాను. కాలు కింద పెట్టగానే తలుపు అద్దం పగిలి మొహం మీద పడింది. మళ్లీ లోపలికి లాక్కున్నాను. రెండోసారి దిగాను. ఈసారి అయిదు గజాలు వెళ్లాను. మోకాలి కింద కర్రతో కొట్టినట్టయింది. పడ్డాను. పిక్కలోంచి తూటా దూసుకుపోయింది. పాకుతూ వెనక్కి వచ్చాను. ఇది నన్ను నేను వెనకేసుకు రావడానికి చెప్పడం లేదు. ఎంతవరకు వెళ్లానో అంతవరకే చెబుతున్నాను. ఇంకో ఇరవై అయిదు గజాలు వెళ్లలేదు.

సుబేదారు కొండని ఆనుకుని పాకుతూ నా బండి దాకా వచ్చాడు. వెనక రేడియోవాడి గొంతు వినిపిస్తోంది. రేడియోలో కెప్టెన్ ఒకటి, మేం రెండు. "ఒకటికి రెండు. ఏడో బండి ఆగింది. రోడ్డు మూసుకుపోయింది. ఓవర్." అవతలి నుంచి కెప్టెన్. "రెండుకి ఒకటి. తొలగించండి. ఇప్పుడే తొలగించండి. ఓవర్."

"నెట్టు" అన్నాడు సుబేదారు.

"సాబ్, లోపల పోలయ్య ఉన్నాడు."

"చచ్చాడు."

"చూడలేదు సాబ్. ఒక్క నిమిషం ఇవ్వండి."

మా వెనక బండి పక్కన ఒక గుండు పడింది. తర్వాతది దాని వెనక. గుండ్లు వరసగా కాన్వాయ్ పొడవునా నడుస్తున్నాయి. వెనక ఎవరో అరుస్తున్నారు, ఆగకుండా ఒకటే కేక. సుబేదారు నా చొక్కా పట్టుకున్నాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి. పోలయ్యని రోజూ తిట్టేది అతనే. "ఆ బండి పేలితే నీది పేలుతుంది. నీది పేలితే అన్నీ పోతాయి. వెనక అరవైమంది ఉన్నారు. నెట్టు మద్రాసీ. ఇది ఆర్డర్."

నేను మొదటి గేరు వేశాను. పిక్కలో రక్తం బూటులోకి కారుతోంది. క్లచ్ మీద కాలు జారుతోంది. ముప్ఫై గజాలు మెల్లగా వెళ్లాను. ఇంకా అరుస్తూనే ఉన్నాను, వాడి పేరు. నా బంపరు వాడి బండి వెనక భాగానికి ఆనింది. మంట వేడికి ముందు అద్దం చిట్లింది. యాక్సిలరేటరు తొక్కాను. కదల్లేదు. మళ్లీ తొక్కాను. కదిలింది.

అది మెల్లగా అంచు వైపు జరుగుతోంది. దాని ఎడమ ముందు చక్రం నాకు కనిపిస్తోంది. నది వైపు తిన్నగా ఉంది. ఇంకో నాలుగడుగులుంది అంచుకి. అప్పుడు ఆ చక్రం తిరిగింది. నది వైపు కాదు. కొండ వైపు. ఒక్క ఊపున కాదు, మెల్లగా, ఎవరో బలమంతా పెట్టి తిప్పినట్టు.

నేను కాలు తీయలేదు. చూశాను, కాలు తీయలేదు. చూడటానికీ కాలు తీయడానికీ మధ్య ఎంతసేపు పడుతుందో డ్రైవర్లని అడగండి. ఆ వ్యవధి నాకుంది. లేదని చెప్పను.

బండి పడిపోయింది. నదిలో పడ్డాక పేలింది. నీళ్లూ రాళ్లూ రోడ్డు మీదికి వచ్చి పడ్డాయి. మలుపు తిరిగాను. నా వెనక పదిలో తొమ్మిది బండ్లు వచ్చాయి.

కార్గిల్ తొమ్మిదిన్నరకి చేరాం. ఊరి మీదా గుండ్లు పడుతున్నాయి. నిటారు చెట్లు సగానికి విరిగి ఉన్నాయి. బజారులో కొట్లకి తలుపుల్లేవు. గుండ్ల పెట్టెలు దించాక నా కాలికి కట్టు కట్టారు. మధ్యాహ్నం ఒక కర్ర పట్టుకుని వీధి చివరికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు. కాళ్లు తీసుకెళ్లాయి.

రొట్టెల కొట్టు ముందు గోడ కూలిపోయింది. పొయ్యి వెలుగుతోంది. ఆమె ఉంది. సైన్యానికి రొట్టెలు కాలుస్తోంది. నాలుగేళ్లకి బాగా ముసలిదైపోయింది. నన్ను గుర్తుపట్టింది. దగ్గరికి వచ్చి నా చేతులు చూసింది. మోచేతుల దాకా రక్తం, అద్దం పెంకులు. నీళ్లు తెచ్చి కడిగింది.

"నీ రక్తమేనా?" అని హిందుస్తానీలో అడిగింది.

"కొంత."

ఒక్కో పెంకూ గోళ్లతో తీసింది.

"మీ అబ్బాయి ఏడీ?" అన్నాను.

చేతిలో పెంకు పక్కన పెట్టి, బజారు వైపు చూపించింది. "మూడు రోజులైంది. పిండి మూట భుజం మీద ఉంది. అక్కడ. పిండంతా ఎర్రగా అయిపోయింది. పారబోశాను." పొయ్యిలో కట్టె సర్దింది. "రోడ్డు రావాలని నేనూ కోరుకున్నాను" అంది.

ఒక పళ్లెంలో ఖుబానీ పళ్లు తెచ్చి పెట్టింది. పండినవి. నేను తినలేకపోయాను. ఆమె బలవంతం చేయలేదు. ఇద్దరం కూర్చున్నాం. గుండు పడినప్పుడల్లా పై కప్పు నుంచి మట్టి రాలి పళ్ల మీద పడుతోంది. ఆమె ప్రతిసారీ పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టేది. పోలయ్య కూడా రావలసినవాడని, నీ గురించి చెప్పి నేనే తెచ్చానని, చెప్పాలనుకున్నాను. ఆమె కొడుకు సంగతి విన్న తర్వాత నోరు రాలేదు. ఎంత ఇష్టపడ్డాను ఆ ఊరిని! ఆ రోజు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది. పోలేను. పద్దెనిమిది బండ్లలో పదహారే మిగిలాయి. డ్రైవర్లు ఇంకా తక్కువ.

నాలుగు రోజుల తర్వాత మన పదాతి దళం ఆ శిఖరం ఎక్కింది. ఒక రాత్రీ ఒక పగలూ పట్టింది. ఎక్కినవాళ్లలో చాలామంది మేం తెచ్చిన ఆ చివరి లారీల వాళ్లే. వాళ్లని దింపడానికి మళ్లీ మేమే. కొందరు స్ట్రెచర్ల మీద, కొందరు దుప్పట్లలో. పొట్టలో తూటా తగిలిన ఒక నాయక్‌ని నా బండిలో వేశారు. దారంతా క్యాబిన్ వెనక చెక్క మీద కొట్టి, "డ్రైవర్ సాబ్, గోతులు చూసుకో, గోతులు చూసుకో" అన్నాడు. ఆ మలుపు దగ్గర అనడం ఆపేశాడు. నేను దిగి చూడలేదు. ఆ మలుపులో నేను ఆగలేను.

మర్నాడు మాత్రం ఆగాం. శిఖరం మనది కాబట్టి. నలుగురం తాళ్లు కట్టుకుని దిగాం. బండి తలకిందులుగా నీళ్లలో ఉంది. వెనక భాగం లేదు. క్యాబిన్ రాళ్ల మధ్య నలిగి ఉంది. కుడి తలుపు లేదు. లోపల ఎవరూ లేరు. ఆ నది కార్గిల్ దగ్గర పెద్ద నదిలో కలిసి, కొద్ది మైళ్ల దూరంలో సరిహద్దు దాటుతుంది. అవతలి దేశంలోకి పోయినవాణ్ణి ఎవరు వెతుకుతారు? సుబేదారు టోపీ తీసి నిలబడ్డాడు. నేను నీళ్లలో చేతులు పెట్టి రాళ్ల కింద తడిమాను. వేళ్లు మొద్దుబారాయి. ఏమీ దొరకలేదు.

విచారణ కెప్టెన్ టెంటులో జరిగింది. పది నిమిషాలు. జరిగింది చెప్పాను. చక్రం సంగతీ చెప్పాను. అతని కలం ఆగింది.

"రాయి తగిలి ఉంటుంది" అన్నాడు.

"కావచ్చు సాబ్."

"టైరు కింద రాయి పడితే స్టీరింగు దానంతటదే తిరుగుతుంది. నువ్వు డ్రైవరువి. నీకు తెలుసు."

"తెలుసు సాబ్."

శత్రువు కాల్పుల్లో మరణం అని రాశాడు. చక్రం గురించి రాయలేదు. నన్ను కాపాడాలనే రాయలేదు. బయటికి వచ్చాక సుబేదారు నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఆర్డరు నాది. మోసేది నేను. నువ్వు మర్చిపో" అన్నాడు. మంచివాడు. కానీ కాలు నాది.

నాకు డిసెంబరులో సెలవు దొరికింది. నెల్లూరు స్టేషన్లో దిగేసరికి వాన. తుఫాను వచ్చి వెళ్లింది. పెన్నా నిండుగా పారుతోంది. విడవలూరులో మా చేలు మునిగి ఉన్నాయి. మా అమ్మ నా మొహం చూసి వేడి నీళ్లు పెట్టింది. రెండు రోజులున్నాను. మూడో రోజు బస్సులో వాకాడు పోయి, అక్కణ్ణుంచి ఇసకలో నడిచాను. పిక్క నొప్పి ఇంకా పోలేదు. పల్లె చేరేసరికి పదకొండు గంటలు. ఎండ వచ్చింది. తుఫానుకి చిరిగిన వలలు గుంజలకి కట్టి బాగుచేస్తున్నారు.

ఇల్లు అడిగితే చూపించారు. బయట తాటాకుల పందిరి. పోలయ్య అన్న కూర్చుని పడవ తెడ్డు చెక్కుతున్నాడు. మస్తానమ్మ గుంజకి ఆనుకుని వల అల్లుతోంది. నేనెవరో చెప్పాను. ఆమె లేచి చాప పరిచింది.

"నీ గురించి రాసేవోడన్నా. ప్రతి ఉత్తరంలో నీ మాటే" అంది.

దారి పొడవునా ఒక మాట సిద్ధం చేసుకున్నాను. వీరుడిలా పోయాడని, నొప్పి తెలియలేదని. చాప మీద కూర్చున్నాక ఆ మాట రాలేదు. జరిగింది చెప్పాను. సెలవు పెట్టుకుని ఉన్నవాణ్ణి ఊరు చూపిస్తానని నేనే తీసుకెళ్లడం. పేరు రాయించడం. మలుపు. మంట. అయిదు గజాలు వెళ్లి వెనక్కి రావడం. నెట్టడం. చక్రం తిరగడం. ఒక్కటీ దాచలేదు.

పోలయ్య అన్న మధ్యలోనే లేచాడు. చేతిలో తెడ్డు ఉంది. మొదటి దెబ్బ భుజం మీద. నేను కదల్లేదు. రెండోది వీపు మీద. "నా తమ్ముణ్ణి తోసేసినావా! బతికుండంగానే తోసేసినావా! వాడు ఏటికి పోయినా ఈదుకుంటా వచ్చేవోడు గదరా! నువ్వు తోసేసినావా!" చాప మీంచి ఇసకలో పడ్డాను. డొక్కలో తన్నాడు. మొహం మీద తన్నాడు. పన్ను విరిగి నోట్లోకి వచ్చింది. చుట్టుపక్కల వాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఎవరూ ఆపలేదు. నేను చేతులు అడ్డం పెట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ దెబ్బలు పడుతున్నంతసేపే, నాలుగు నెలల్లో మొదటిసారి, నాకు ఊపిరి నిండా అందింది.

"ఆపు బావా" అంది మస్తానమ్మ.

అతను ఆగలేదు. ఆమె వచ్చి తెడ్డు పట్టుకుంది. "ఆపమంటుండా గదా. నేను ఒకటి అడగాల ఆయన్ని."

అతను తెడ్డు వదిలేసి, అక్కడే కూలబడి, మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. ఆమె నా ఎదుట ఇసకలో కూర్చుంది. నా నోటి రక్తం ఇసకలో పడుతోంది. ఆమె అది చూడటం లేదు. ఏడవడం లేదు. ఇరవై ఏళ్లుంటాయేమో.

"చక్రం తిరిగిందన్నావే" అంది. "నువ్వే చూసినావా?"

"చూసినానమ్మా."

"ఆయనే తిప్పినాడా?"

"తెలీదు. రాయి తగిలి తిరగొచ్చు. మా కెప్టెన్ అట్నే అన్నాడు. నాకు తెలీదమ్మా."

"ఏ పక్కకి తిరిగింది?"

"కొండ పక్కకి."

"కొండ ఏ చేతికి?"

"కుడి చేతికి."

సముద్రం అప్పుడు అంత హోరుగా లేదు. నేను క్షమాపణ అడగలేదు. ఆమె తిట్టలేదు. తర్వాత ఎప్పుడూ తిడుతూ కబురు పంపలేదు, రమ్మనీ పంపలేదు. నేను అరవై ఏడులో సైన్యం వదిలేశాను. విడవలూరులో చేను చేసుకుంటున్నాను. స్టీరింగు పట్టుకోలేదు. కార్గిల్ పోలేదు. రొట్టెలమ్మ ఉందో లేదో తెలియదు. ఫిరంగులు, మంట, గొంతు పట్టుకుని నా వైపు చూసిన ఆ పంజాబీ కుర్రాడు, ఇవన్నీ వస్తాయి, పోతాయి. పోనిది ఒకటుంది.

కుడి చేతికి అని నేనన్నాక మస్తానమ్మ కళ్లు మూసుకుంది. వల దారం ఇంకా వేళ్లకి చుట్టుకునే ఉంది. ఆమె రెండు చేతులూ ముందుకి లేచాయి. గాలిలో ఏదో గుండ్రటి దాన్ని పట్టుకున్నట్టు బిగుసుకున్నాయి. పళ్లు బిగించి, భుజాలు వణుకుతుండగా, ఆమె దాన్ని మెల్లగా కుడి పక్కకి తిప్పడం మొదలుపెట్టింది.